తరగతుల విభజన : కంప్యూటరు చేయు సాయము

ప్రతి సంవత్సరమును జూను మాసమున పాఠశాల తెఱవగానే పిల్లలు మొట్టమొదట పరుగెత్తునది నోటీసుబోర్డు నొద్దకే. తన పేరు ఏ సెక్షనులో పడినదో, తన చెలికాడు తనతో నున్నాడో లేడో చూచుకొనుటకై వారు పడు ఆతురత మనమందఱము ఎఱిగినదే. పెద్దవారికిది స్వల్పవిషయముగా తోచును. కాని సంవత్సరము పొడుగునను ఎవని ప్రక్కన ఎవడు కూర్చుండునో, ఎవని మాట విని ఎవడు నేర్చుకొనునో నిర్ణయించునది ఆ జాబితాయే. కావున అట్టి జాబితా యెట్లు తయారు కావలయునో, ఈ కాలమున కంప్యూటరు ఆ పనికెట్లు తోడ్పడుచున్నదో ఈ సంచికలో చదువరులకు విశదపఱుప దలంచితిమి.

మాలో కొందఱము ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన తొలినాళ్లలో ఒక పాఠశాలయందు చూచిన పద్ధతి యిది. కడచిన సంవత్సరపు మార్కులను వరుసగా వ్రాసి, మొదటి మూడవవంతు పిల్లలను ‘ఏ’ సెక్షనులోను, తరువాతి మూడవవంతును ‘బి’ సెక్షనులోను, మిగిలినవారిని ‘సి’ సెక్షనులోను వేయుచుండిరి. ఇందువలన జాబితా వ్రాయువారికి పని తేలికయగును; పాఠము చెప్పువారికిని కొంత తేలికయే. ఒకనాడు ‘సి’ సెక్షనులోని బాలుడొకడు పలకమీద లెక్క తప్పుగా చేయగా, “మరల ప్రయత్నింపుము” అంటిమి. వాడు తల వంచుకొని, “మేము సి సెక్షనువాళ్లము గదా అయ్యవారూ, మాకు రాదులెండి” అనెను. లెక్క రాకపోవుట పెద్ద కొఱత కాదు. దానిని నేర్పుటకే మేమున్నాము. కాని తనకు లెక్క రాదను సంగతి వానికి ముందుగానే ఎవరో చెప్పియుండిరి. ఎవరు చెప్పిరని ఆలోచింపగా, ఆ నోటీసుబోర్డు మీది జాబితాయే చెప్పినదని మాకు తెలిసినది.

నాటినుండి మా మనస్సులలో నిలిచిన ప్రశ్న యిది : పిల్లలను మూడు గదులలో కూర్చుండబెట్టక తప్పదు గదా, ఏ గదియు హెచ్చు గాకుండ, ఏ గదియు తగ్గు గాకుండ విభజించుట యెట్లు?

సమముగా విభజించుట యనగా నేమి?

మొట్టమొదట చేతితో చేయదగిన ఉపాయములను చూతము. ఆరుగురు పిల్లలు కలరనుకొందము. వారి మార్కులు 90, 80, 70, 60, 50, 40. వీరిని ముగ్గురేసి చొప్పున రెండు జట్లు చేయవలెను. పై ముగ్గురును ఒక జట్టు, క్రింది ముగ్గురును ఒక జట్టు చేసినచో మొత్తములు 240, 150 అగును, భేదము 90. అట్లుగాక, పేకముక్కలు పంచినట్లు ఒకనిని ఇటు, ఒకనిని అటు పంచినచో మొత్తములు 210, 180 అగును. భేదము 30కి తగ్గినది. అయినను ప్రతి జతలోను పెద్ద అంకె మొదటి జట్టుకే పోవుచున్నది. ఈ దోషమును మాన్పుటకు మన రైతు సహాయము తీసికొందము. మడక దున్నువాడు చేని కొసకు పోయినపిమ్మట వట్టి చేతులతో మొదటి గట్టునకు తిరిగివచ్చి రెండవచాలు మొదలుపెట్టడు. కొసయందే ఎద్దులను మఱలించి తిరుగుచాలు పెట్టును. అట్లే మొదటివానిని ఇటు, రెండవవానిని అటు వేసి, మూడవవానిని మరల అటే వేసి, నాలుగవ ఐదవవారిని ఇటు, ఆఱవవానిని అటు వేసినచో, మొత్తములు 200, 190 అగును. భేదము పదియే. ఆరుగురి మొత్తము 390 కావున సగము 195; అన్నియు పదుల అంకెలగుటచే ఇంతకంటె సమముగా పంచుట అసాధ్యము.

ఈ తిరుగుచాలు పద్ధతి కాగితము, పెన్సిలు ఉన్న ఏ పాఠశాలకైనను అందుబాటులో నున్నది. చిన్న బడులకు ఇది చాలును. కాని పెద్ద తరగతులలో చిక్కు వచ్చును. ఏలయన సమత్వము మార్కుల మొత్తముతో తీరునది కాదు.

ఒక జట్టులో ముగ్గురికిని 65 మార్కులే వచ్చినవనుకొందము. మఱియొక జట్టులో 95, 65, 35 వచ్చినవి. రెండింటి సరాసరియు 65 మాత్రమే. కాని మొదటి జట్టుకు పాఠము చెప్పుటయు, రెండవ జట్టుకు పాఠము చెప్పుటయు ఒకే పని యనగలమా? కావున సరాసరితోపాటు ఎక్కువ తక్కువల విస్తారమును కూడ చూడవలెను. ఒక బాలికకు తెలుగున నూటికి తొంబది వచ్చి గణితమున ముప్పది మాత్రమే రావచ్చును. ఆమె అన్నకు అందుకు విపరీతముగా రావచ్చును. ఇద్దఱికిని మొత్తము ఒకటే, అవసరములు వేఱు. ఇదిగాక బాలబాలికల సంఖ్య, హాస్టలులో నుండువారు, ఇండ్లనుండి వచ్చువారు, ఇదివరకు తెలుగు మాధ్యమమున చదివినవారు, ఇంగ్లీషు మాధ్యమమున చదివినవారు, క్రొత్తగా చేరినవారు, ముందు బల్లపై కూర్చుండవలసిన చూపు తక్కువవారు, ఒకచోట కూడినచో ఇద్దఱును చెడు జగడగొండి జతలు — ఇన్నింటిని ఒక్కసారిగా తూచవలెను. ఒకదానిని సరిచేయబోగా మఱియొకటి చెడును. పెద్దమంచముపై చిన్నదుప్పటి పఱచినట్లు, ఈ మూల లాగినచో ఆ మూల తేలును.

కంప్యూటరు పని చేయు విధము

ఒక తరగతిలో 120 మంది కలరనుకొందము. వీరిని 40 మంది చొప్పున ఏ, బి, సి సెక్షనులలో ఎన్ని విధముల వేయవచ్చునని గణించినచో వచ్చు సంఖ్య 56 అంకెలు గలది. క్షణమునకు నూఱుకోట్ల విధములను పరీక్షింపగల యంత్రమును విశ్వము పుట్టిననాడు మొదలుపెట్టినను, ఈ సుమారు 1,380 కోట్ల యేండ్లలో అది ఆ పనిలో లేశమాత్రమును పూర్తిచేయజాలదు. కావున కంప్యూటరు అన్ని విధములను చూచి మంచిదానిని ఏరుకొనునని తలంచుట పొరపాటు. అది మఱియొక దారి త్రొక్కును.

మొదట మనము దానికి దోషములను, వాని తూకములను చెప్పుదుము. సెక్షనుల సరాసరిలో ఒక మార్కు భేదమున్నచో ఇన్ని దోషములు. బాలికల సంఖ్యలో ఒకరి భేదమున్నచో ఇన్ని. విడదీయవలసిన జత ఒకచోట పడినచో ఇన్ని — ఇట్లు. వీని మొత్తమును దోషాంకము అందము. కంప్యూటరు తొలుత ఏదో యొక విభజన చేసి దాని దోషాంకమును కట్టును. పిమ్మట ఒక సెక్షనులోని ఒకనిని, వేఱొక సెక్షనులోని ఒకనితో మార్చి చూచును. దోషము తగ్గినచో ఆ మార్పును ఉంచుకొనును. హెచ్చినచో వెనుకటి స్థితికి పోవును. ఇట్లు క్షణమునకు వేలకొలది మార్పులు చేయుచు పోవును.

పైన చెప్పిన ఆరుగురితోనే దీనిని చూడవచ్చును. 90, 80, 70 ఒకవైపు. 60, 50, 40 ఒకవైపు. భేదము 90. అందు 80ని ఇచ్చి 50ని పుచ్చుకొనుడు, భేదము 30. పిమ్మట 70ని ఇచ్చి 60ని పుచ్చుకొనుడు, భేదము 10. రెండు మార్పులతోనే మేలైన విభజన దొరకినది. విద్యార్థులు ఇంటివద్ద పది చీటీలమీద పది అంకెలు వ్రాసికొని ఈ యాట ఆడి చూచినచో కంప్యూటరు చేయునది మంత్రము కాదని తమంతట తామే గ్రహింతురు.

ఇందొక చిక్కు కలదు. జమ్మలమడుగు నుండి గండికోటకు పోయినవారు పెన్నానది కొండను చీల్చుకొని పాఱు లోతైన గండిని చూచియుందురు. ఆ కొండమీద ఒకనికి గంతలు కట్టి, “పల్లమునకే అడుగు వేయుము, మిట్టకు వేయకుము” అని చెప్పితిమనుకొందము. వాడు పైనున్న ఏదో యొక చిన్నగుంటలోనికి దిగి అచ్చటనే నిలిచిపోవును. ఎటు అడుగువేసినను మిట్టయే గదా! నది యింకను ఎంతో క్రింద నున్నదని వానికి తెలియదు. గుంట దాటవలెనన్న కొంచెము ఎక్కక తప్పదు. అట్లే కంప్యూటరును కూడ దోషము తగ్గు మార్పులనే ఒప్పుకొనినచో సామాన్యమైన విభజనయొద్దనే ఆగిపోవును. కావున అప్పుడప్పుడు దోషము హెచ్చు మార్పును కూడ ఒప్పుకొనవలెను. ఎంతవఱకు ఒప్పుకొనవలెను?

ఈ ప్రశ్నకు సమాధానము లోహకారుల విద్యనుండి వచ్చినది. బంగారు వ్యాపారమునకు పేరొందిన ప్రొద్దుటూరులో స్వర్ణకారుని కొలిమి చూడనివారుండరు. సుత్తితో కొట్టగా కొట్టగా బంగారు రేకు గట్టిపడి పగులుటకు సిద్ధమగును. అప్పుడు దానిని ఎఱ్ఱగా కాల్చి చల్లార్చినచో మరల మెత్తబడి చెప్పినట్లు వినును. కాగినపుడు లోహములోని అణువులు కదలి తమకు తగిన చోట్లను వెదకికొనును, చల్లారుకొలది కుదురుకొనును. 1983లో కిర్క్‌పాట్రిక్, గెలాట్, వెక్కి అను ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ పోలికను గ్రహించి ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. వారి పద్ధతి ప్రకారము కంప్యూటరు మొదట వేడిగా నున్నట్లు భావించి, చెడ్డ మార్పులను కూడ ధారాళముగా ఒప్పుకొనును. క్రమక్రమముగా చల్లబడుచు, చివరకు మంచి మార్పులనే ఒప్పుకొనును. తరగతుల విభజనకు మాత్రమే గాక, టైంటేబిలు వేయుట మొదలగు అనేక కార్యములకు ఈ పద్ధతి నేడు వాడుకలో నున్నది.

మన జిల్లాలో చూచిన దృష్టాంతము

మనుష్యులను కంప్యూటరుతో జట్లుగా విభజించుట మన ఉపాధ్యాయులకు క్రొత్త గాదు. ఎన్నికల పనికి పోయిన ప్రతివారును దానిని అనుభవించినవారే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల — ఈ మూడును కడప లోక్‌సభ నియోజకవర్గములోని శాసనసభ నియోజకవర్గములు. 2024 మే 13వ తేదీన మన రాష్ట్రమున శాసనసభకును లోక్‌సభకును ఒకేనాడు పోలింగు జరిగినది. అట్టి సందర్భములలో ప్రతి పోలింగుకేంద్రమునకు ఒక ప్రిసైడింగు ఆఫీసరును, కొందఱు పోలింగు ఆఫీసర్లును కలిసిన జట్టు కావలెను. ఎవరు ఏ జట్టో అధికారి తన యిష్టము చొప్పున వ్రాసినచో, పక్షపాతమున్నను లేకున్నను జనులకు అనుమానము కలుగును.

అందువలన ఎన్నికల సంఘము వారు సాఫ్టువేరు ద్వారా మూడు విడతలుగా ఈ పనిని చేయించుచున్నారు. మొదటి విడతలో ఉద్యోగుల పట్టికనుండి శిక్షణకు పోవలసినవారిని ఏర్పఱతురు. అప్పటికి తాము ఏ నియోజకవర్గమునకు పోవుదురో వారికి తెలియదు. రెండవ విడతలో పరిశీలకుల సమక్షమున జట్లు ఏర్పడును. అప్పుడు నియోజకవర్గము తేలును గాని పోలింగుకేంద్రము తెలియదు. మూడవ విడతలో, బయలుదేరుటకు ముందుగా, ఏ జట్టు ఏ కేంద్రమునకు పోవలెనో నిర్ణయమగును. సామాన్యముగా తమ సొంత నియోజకవర్గములోగాని, తాము పనిచేయు నియోజకవర్గములోగాని ఎవరిని వేయరాదను నిబంధనయు కలదు. కావున ప్రొద్దుటూరి ఉపాధ్యాయుడు జమ్మలమడుగునకో పులివెందులకో, అచ్చటివారు మఱియొక చోటికో ప్రయాణమగుట మనము చూచుచున్నాము. ఓటింగు యంత్రములను పంచుటయు సాఫ్టువేరు ద్వారానే జరుగుచున్నది.

ఇందు మనము నేర్వవలసిన భేదమొకటి కలదు. చీటీ వేయుట వేఱు, సమముగా పంచుట వేఱు. పదిమారులు నాణెము ఎగురవేసినచో సరిగా ఐదు బొమ్మలును ఐదు బొరుసులును పడుట 1024 విధములలో 252 విధములందే. అనగా సుమారు నాలుగింట ఒకటి. కావున కేవలము చీటీతో తరగతులను పంచినచో పక్షపాతము ఉండదు గాని సమత్వమునకు హామీ లేదు. కేవలము తూకముతో పంచినచో సమత్వముండును గాని, “తూకము పేరుతో తమకు కావలసినవారిని కావలసినచోట వేసికొనిరి” అను మాట పుట్టవచ్చును. రెండింటిని కలుపుటయే మేలు. కంప్యూటరు వెదకిన వానిలో దోషము ఇంచుమించు సమముగానున్న మంచి విభజనలు పదియో ఇరువదియో తీసి, వానిలో ఒకదానిని అందఱియెదుట చీటీ వేసి ఏర్పఱచుకొనవచ్చును. అప్పుడు తల్లిదండ్రులకు చెప్పుటకు మనకు సూటియైన సమాధానముండును.

తూకము వేయునది ఎవరు?

యంత్రము తూచును, తూకపురాళ్లు మనవి. ఈ సంగతికి పులివెందులకు సమీపముననే నిదర్శనము కలదు. వేంపల్లె మండలములోని ఇడుపులపాయ యందు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు విద్యాలయము 2008లో ఏర్పడినది. పదవ తరగతి ముగించిన గ్రామీణ బాలబాలికలకు ఆఱేండ్ల చదువు చెప్పుట దాని యుద్దేశము. పదవ తరగతి గ్రేడు పాయింట్లను బట్టి చేర్చుకొనిన సంవత్సరములలో ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి 0.4 పాయింటు అదనముగా కలిపి వరుస కట్టుచుండిరి. సదుపాయములు తక్కువగానున్న చోట చదివి సంపాదించిన గ్రేడును, ఎక్కువగానున్న చోట సంపాదించిన గ్రేడుతో ఉన్నదున్నట్లు పోల్చరాదని దాని భావము. ఆ 0.4ను ఏ కంప్యూటరును కనిపెట్టలేదు. మనుష్యులు ఆలోచించి నిర్ణయించి, అందఱికిని తెలియునట్లు ప్రకటించిరి. దానిని మెచ్చువారును ఉందురు, మెచ్చనివారును ఉందురు. కాని అది బహిరంగముగా నున్నది కావున చర్చింపవచ్చును. తరగతుల విభజనలో మనము వేయు తూకములును అట్లే బహిరంగముగా నుండవలెను.

ఒక ఆక్షేపణ

“తెలివిగలవారిని ఒకచోటను, వెనుకబడినవారిని ఒకచోటను ఉంచినచో ఎవరికి తగిన పాఠము వారికి చెప్పవచ్చును గదా, కలగాపులగము చేసి ఇద్దఱికిని నష్టము కలిగింతురేల?” అని కొందఱు తల్లిదండ్రులు అడుగుదురు. ఇది త్రోసివేయదగిన మాట గాదు. ఆఫ్రికాలోని కెన్యా దేశమున 121 ప్రాథమిక పాఠశాలలలో ఈ విషయమునే పరీక్షించిరి. సగము పాఠశాలలలో తొలి మార్కులను బట్టి పిల్లలను రెండు సెక్షనులు చేసిరి. తక్కినవానిలో చీటీ ప్రకారము పంచిరి. 2011లో డఫ్లో, డ్యూపా, క్రేమర్ అనువారు ప్రకటించిన ఫలితములను బట్టి, మార్కులచొప్పున విభజించిన చోట పైవారును క్రిందివారును కూడ కొంత ఎక్కువ నేర్చుకొనిరి. ఉపాధ్యాయుడు తన యెదుట నున్నవారి స్థాయికి తగినట్లు పాఠము చెప్పగలుగుటయే అందుకు కారణమని వారు తలంచిరి.

మన దేశమున ‘ప్రథమ్’ అను సంస్థవారు చదువుటలోను లెక్కలలోను వెనుకబడిన పిల్లలను, ఏ తరగతివారైనను, వారి స్థాయిని బట్టి జట్లుచేసి దినమునకు కొంతసేపు నేర్పు పద్ధతిని నడుపుచున్నారు. దాని మేలును పరీక్షించిన వారిలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ప్రముఖులు. వీరికిని, పైని చెప్పిన క్రేమరుకును 2019లో అర్థశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది.

కావున మేము వచ్చిన నిర్ణయమిది. సెక్షను అనునది పిల్లవాడు సంవత్సరమంతయు నివసించు ఇల్లు వంటిది. దానిని సమముగానే కట్టవలెను. దినమున ఒక గంట మాత్రము చదువుటకును లెక్కలకును స్థాయిని బట్టి వేఱు జట్లుగా కూర్చుండబెట్టవచ్చును. ఆ జట్లు కొన్ని వారములకొకసారి మాఱుచుండవలెను. ఈ నెల గుణకారమువద్ద తడబడినవాడు వచ్చు నెల భిన్నముల జట్టులోనికి పోవలెను. పోగలనని వానికి తెలియవలెను. నేర్పుటకు ఏర్పఱచిన జట్టు మంచిదే; పిల్లవానిమీద ముద్రవేసిన జట్టే చెడ్డది. ‘సి’ సెక్షనులో ఏడాదిపాటు కూర్చున్న ఆ బాలునికి మాఱుదునను ఆశయే లేకుండెను.

జాగ్రత్త పడవలసిన సంగతులు

మొదటిది : తప్పు లెక్కను తూచిన త్రాసు తప్పుగానే చెప్పును. పరీక్షనాడు జ్వరముతోనున్న పిల్ల మార్కులు ఆమె తెలివిని తెలుపవు. కావున జాబితా యంత్రమున కెక్కించుటకు ముందు వెనుకటి తరగతి ఉపాధ్యాయుని అడిగి సరిచూడవలెను.

రెండవది : అంకెలు సమమైనంతమాత్రమున మనస్సులు సుఖముగా నుండవు. దూరపు పల్లెనుండి ఒకే బస్సులో వచ్చు బాలికలు ముగ్గురే యున్నారనుకొందము. మూడు సెక్షనులకు ఒక్కొక్కరిని పంచినచో యంత్రము “దోషము లేదు” అనును. కాని ప్రతి గదిలోను ఒక బాలిక ఒంటరిగా కూర్చుండును. మొదటిసారి సాఫ్టువేరు వ్రాసి యిచ్చిన జాబితాలో మేమే ఇట్టి పొరపాటును చూచితిమి. అటుపిమ్మట, “ఒక ఊరివారు ఒక సెక్షనులో ఉన్నచో ఇద్దఱికి తక్కువ కారాదు, లేకున్నచో ఎవరును వలదు” అను నియమమును చేర్చితిమి. సరాసరిలో కొంచెము భేదము పెరిగినది. పెరిగినను సంతోషముగానే ఒప్పుకొంటిమి.

మూడవది : కులమును, ఇంటి ఆదాయమును, ఆరోగ్యమును గూర్చిన వివరములను అవసరము లేక యంత్రమున కెక్కింపరాదు. పేరునకు బదులు సంఖ్యలు వేసి పనిచేయవలెను. ముగిసినపిమ్మట ఆ పట్టికలను ఇతరులకు దొరకకుండ కాపాడవలెను. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత వివరముల రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని పిల్లలుగానే ఎంచి, వారి వివరములను వాడుటలో తల్లిదండ్రుల సమ్మతికి ప్రాధాన్యమిచ్చినది. ఊరుపేరు తెలియని ఉచిత సాఫ్టువేరునకు పిల్లల పట్టికను అప్పగించుట కంటె, తిరుగుచాలు పద్ధతితో కాగితముమీద చేసికొనుటయే మేలు.

నాలుగవది : కడపటి మాట ఉపాధ్యాయులదే కావలెను. యంత్రమిచ్చిన జాబితాను పిల్లలను ఎఱిగినవారు ఒకమాఱు చదివి చూడవలెను. అట్లని ఎవరి సిఫారసు చొప్పునను మార్పులు చేయరాదు. ఏ మార్పు చేసినను దాని కారణమును ఒక పుస్తకములో వ్రాసియుంచవలెను, అడిగినవారికి చూపవలెను.

ఇంక తల్లిదండ్రులకొక మనవి. “మా వానిని ఫలానివాని ప్రక్కన వేయవద్దు అయ్యవారూ” అని మీరు వచ్చినపుడు మేము వెంటనే ఒప్పుకొననిచో కోపింపవలదు. ఒక్క పేరు కదిపినచో దానితో మఱియొకరి బిడ్డ కదలును. ఆ బిడ్డ తల్లి మా యెదుట నిలుచుండకపోవచ్చును. ఆమె కూలికి పోయియుండవచ్చును. ఆమె పక్షమున నిలుచుట మా విధి. మీ బిడ్డకు నిజముగా కష్టమున్నచో చెప్పుడు. దానిని నియమముగా వ్రాసి అందఱికిని వర్తింపజేసెదము.

విద్యార్థులారా, కడపట మీతో ఒక మాట. సెక్షనులకు ఏ, బి, సి అను అక్షరములున్నంతకాలము ఒకటి మొదటిదిగాను ఒకటి చివరిదిగాను తోచుట సహజము. అందువలన మేము ఆ యక్షరములను విడిచి, కుందు, పాపఘ్ని, చిత్రావతి అని మన జిల్లా నదుల పేర్లు పెట్టుకొంటిమి. వీనిలో ఏది ముందు, ఏది వెనుక యని ఎవరును అడుగరు. మూడును మన జిల్లాలోనే పెన్నలో కలిసి, ముందుకు సాగుచున్నవి. మీలో ఎవరైనను ఇంక మీదట లెక్క తప్పినచో, “రాదులెండి” అనక, “ఇంకొకసారి చెప్పండి అయ్యవారూ” అని అడుగుడు. ఆ మాట వినుటకే ఇంత శ్రమపడి ఆ జాబితాను తయారుచేసితిమి.